ఇరవై మూడో కొవ్వొత్తి

1963 ఫిబ్రవరిలో నాకు బళ్లారి జిల్లాలో పోస్టింగు వచ్చింది. హోదా ‘జూనియర్ దుభాషి, తాత్కాలికం’. సర్కారు వారి ఖనిజాల అన్వేషణ విభాగంలో అంతకన్నా చిన్న హోదా ఒకటి ఉండేది గానీ, దానికి సైకిలు ఇచ్చేవారు. కుడతిని స్టేషన్లో దిగి పడమరగా ఎద్దుల బండిలో రెండు గంటలు పోతే ఎర్రటి గుట్టలు, ఆ గుట్టల వాలులో మా క్యాంపు. ఆరు గుడారాలు, ఒక డీజిలు ఇంజను, ఒక ఇనుప టవరు. ఇప్పుడు అటు వెళ్లేవాళ్లకు ముందుగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తాయి. అప్పట్లో ముందుగా మా టవరు కనిపించేది. ఆ తరవాత కూడా అదే కనిపించేది.

నేను అనంతపురంలో బి.ఏ. చదివాను, లెక్కలు ప్రధానంగా. రష్యన్ ఎందుకు నేర్చుకున్నావని ఇంటర్వ్యూలో అడిగితే రెండు దేశాల మైత్రి గురించి చెప్పాను. నిజానికి హైదరాబాదులో నేనున్న గది ఎండాకాలంలో పెనంలా కాలేది, సాయంత్రం రష్యన్ క్లాసు జరిగే గదిలో ఫ్యాను ఉండేది. రెండేళ్లు ఆ ఫ్యాను కింద కూర్చున్నాను. డిప్లొమా ఇచ్చారు.

క్యాంపు పని ఏమిటో ముందు చెప్పాలి. గుట్ట కింద ఇనుప రాయి ఎంత లోతున మొదలవుతుందో, ఎంత లోతు దాకా ఉందో కనుక్కోవడం మా పని. గొట్టం చివర వజ్రపు పలుకులు పొదిగిన ఉంగరం లాంటిది బిగిస్తారు. దాన్ని క్రౌను అంటారు. అది తిరుగుతూ దిగుతుంటే మధ్యలో రాయి కడ్డీలా మిగిలి గొట్టంలోకి ఎక్కుతుంది. గొట్టం నిండగానే దాని పైన బిగించిన గొట్టాల వరసనంతా పైకి లాగి, రాతికడ్డీని తీసి చెక్కపెట్టెలో పేర్చి, ఇది ఫలానా లోతులోది అని చీటీ రాసి, మళ్లీ అన్నీ దించాలి. రెండేసి గొట్టాలను కలిపి బిగించిన జతను రష్యన్ డ్రిల్లర్లు ‘స్విచా’ అంటారు. అంటే కొవ్వొత్తి. పైకి తీసి టవరుకు ఆనించి నిలబెడితే నిజంగానే అలా కనిపిస్తాయి. ఒక్కో కొవ్వొత్తి తొమ్మిది మీటర్లు. ఎన్ని దిగాయో తెలిస్తే లోతు తెలుస్తుంది. దించినన్ని పైకి రాకపోతే ఒకటి లోపల తెగి ఉండిపోయిందని అర్థం. అది చూసుకోకుండా మళ్లీ దించితే క్రౌను వజ్రాలు రాతికి బదులు ఆ ఇనుము మీద కూర్చుని పాడవుతాయి. కాబట్టి క్యాంపులో అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువు కొవ్వొత్తుల లెక్క. ఆ లెక్క రాసేది నేను.

యంత్రం మీద పెత్తనం స్తెపాన్ ఇల్యిచ్‌ది. యంత్రంతో పాటు రష్యా నుంచి వచ్చిన, యాభై దాటిన మనిషి, మాస్టర్ డ్రిల్లరు. మాస్టరంటే ఇంజనీరుకు కింద, మిగతా అందరికీ పైన. ఇల్యిచ్ అనేది తండ్రి పేరులోంచి వచ్చిన భాగం. గౌరవంగా పిలవాలంటే రెండూ కలిపి పిలవాలి. మా కూలీలు గౌరవంగానే ‘తేపనప్ప’ అనేవారు. ఆయన పలికేవాడు. గొట్టాలను పైకి లాగే విన్చి లివరు ఆయన చేతిలో ఉండేది. రెండు చేతులూ లివరు మీద, రెండు కళ్లూ టవరు కొన మీద పెట్టాల్సిన పని కనుక లెక్కపెట్టడం ఆయనకు కుదరదు. అది మన దేశం వంతు.

లెక్క పిలిచేవాడు ఎర్రెప్ప. కురుగోడు మనిషి. యాభై ఏళ్లుంటాయి. కళ్లాల్లో జొన్నలూ, కాలవ నీళ్లు వచ్చాక వడ్లూ తూముతో కొలవడం అతని వృత్తి. కోతలు లేని నెలల్లో మా దగ్గరికి వచ్చాడు. డీజిలు ఇంజను చప్పుడు దాటి వినిపించే గొంతు క్యాంపులో అతనొక్కడికే ఉండేది. టవరు పాదం దగ్గర నిలబడి ఒక్కో కొవ్వొత్తి రాగానే అతను అరవాలి. నేను ఇరవై గజాల అవతల గుడారంలో కూర్చుని ఒక్కో అరుపుకు ఒక్కో గీత గీయాలి. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. చివర గీతలు కూడి రిజిస్టర్లో ఇంగ్లీషులో ఎక్కించి, స్తెపాన్ ఇల్యిచ్‌కు రష్యన్‌లో చెప్పాలి. ఎర్రెప్ప పని మొదలుపెట్టేటప్పుడు ‘లాభం’ అని గట్టిగా అనేవాడు. శుభమైన మాట పలికి పనిలోకి దిగే మనిషని నాకు ముచ్చటేసేది. పెన్సిలు చెక్కుకుని అంకె కోసం కాచుకునేవాణ్ని.

క్యాంపు ఇన్‌చార్జి చక్రపాణి గారు. డ్రిల్లింగ్ ఇంజనీరు, గుంటూరు వైపు వారు. మాట తక్కువ, మెమో ఎక్కువ. మార్చి నెలలో ఒక రోజు ఆయన టవరు దగ్గర నిలబడి ఉండగా ఎర్రెప్ప చివరి అరుపు ‘ఇరవై ఒకటి’ అని వినిపించింది. గుడారంలోకి వచ్చి రిజిస్టరు చూస్తే ఇరవై ఉంది. మర్నాడు చూశారు, ఆ మర్నాడూ చూశారు. ప్రతిసారీ అదే తేడా. ఎర్రెప్ప అరుపుకన్నా నా రిజిస్టరు ఒకటి తక్కువ.

ఒకవైపు డిగ్రీ, పెన్సిలు. మరోవైపు వేలిముద్ర. విచారణ ఎక్కువసేపు పట్టలేదు. నన్ను లిఖితపూర్వకంగా అభిప్రాయం అడిగారు. ‘సదరు వ్యక్తి లెక్క మధ్యలో ఒక అంకెను దాటవేయు అలవాటు కలవాడు’ అని రాసిచ్చాను. వాక్యం బాగా కుదిరింది. ఇప్పటికీ బాగానే ఉంటుంది. తప్పల్లా అందులోని విషయమే.

పైకి తీసిన కొవ్వొత్తులను వెళ్లి లెక్కపెట్టుకుంటే పోయేది కదా అని మీరనవచ్చు. టవరు పక్కన చట్రంలో అదనపు కొవ్వొత్తులు కూడా నిలబెట్టి ఉంచేవాళ్లం, ఒక రోజు మూడు, ఒక రోజు ఐదు. అన్నిటికీ అదే బురద. ఏది బోరు బావిలోంచి వచ్చిందో, ఏది ముందు నుంచే నిలబడి ఉందో చూసి చెప్పలేం. పైగా నా రాతపూర్వక అభిప్రాయం ఉండగా ఎవరూ బురదలోకి దిగాలనుకోలేదు.

చక్రపాణి గారు ఎర్రెప్పను పిలిచి, శనివారంతో పని ఆపేయమన్నారు. అతను బతిమాలలేదు. తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

“పనికేముండాది సార్, ఇంకోటి చూసుకుంటా. లెక్క తప్పినాడని పంపిచ్చినారంటే మాత్తరం కురుగోట్లో నా చేతికి తూము ఎవురిస్తారు?”

అది ఉత్తమాట కాదు. కళ్లంలో కొలిచేవాడి మాట మీదే రైతూ కౌలుదారూ పంచుకుంటారు. అతని లెక్క మీద అనుమానం వచ్చిందంటే మరి ఏ కళ్లానికీ పిలవరు. కబురు సాయంత్రం బస్సులో కురుగోడు చేరుతుంది. కాలవ కింద కోతలు నెల రోజుల్లో ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా సంపాదించిన పేరు నేను రాసిన ఒక వాక్యంతో పోబోతోంది. ఆ వాక్యం నిజమేనని నేను పూర్తిగా నమ్మి ఉన్నాను. అందువల్ల బాధపడ్డానే గానీ సందేహపడలేదు.

ఇందులోకి స్తెపాన్ ఇల్యిచ్ దిగాడు. గొడవేమిటని నన్నడిగి, విని, చక్రపాణి గారికి చెప్పమని ఒక మాట చెప్పాడు. అరుపు గుడారానికి పోయి, గీతై, ఇంగ్లీషై, రష్యనై తన దగ్గరికి రావడం తనకు మొదటి నుంచీ నచ్చలేదట. ఆ మనిషి రష్యన్‌లోనే పిలిస్తే తానే వింటాడట. చక్రపాణి గారు వారం గడువిచ్చారు. వచ్చే శుక్రవారం క్రౌను మార్చాలి, వరసంతా పైకి వస్తుంది. ఎర్రెప్ప తన ఎదుట మొదటి నుంచి చివరి దాకా రష్యన్‌లో తప్పు లేకుండా పిలవాలి. లెక్కా సరిపోవాలి. లేకపోతే ఆ సాయంత్రమే బస్సు. ఆయన అంత ఉదారంగా ఒప్పుకోవడానికి కారణం నాకు తెలుసు. రష్యన్ అంకెల సంగతి ఆయనకు అంతకు ముందే నేను చెప్పి ఉన్నాను.

ఆ సంగతి ఇది. రష్యన్‌లో అంకె నేర్చుకుంటే సరిపోదు. అంకెను బట్టి లెక్కపెట్టే వస్తువు పేరు మారుతుంది. ఒకటైతే ‘అద్నా స్విచా’. రెండు, మూడు, నాలుగైతే ‘స్విచీ’. ఐదు నుంచి ‘స్విచేయ్’, అదే ఇరవై దాకా నడుస్తుంది. ఇరవై ఒకటి దగ్గర, ఎవరి శాపమో గానీ, మళ్లీ ఏకవచనం. ‘ద్వాద్సత్ అద్నా స్విచా’, అంటే ఇరవై ఒక్క కొవ్వొత్తి, ఒక్కటే ఉన్నట్టు. ఇరవై రెండుకు మళ్లీ ‘స్విచీ’. ఒకటీ రెండూ అనే అంకెలు కూడా వస్తువు ఆడదా మగదా అని చూసి రూపం మార్చుకుంటాయి. కొవ్వొత్తి ఆడది. దీన్ని నా పాఠ్యపుస్తకం పదకొండు పేజీల్లో వివరించింది. నాకు ఒక వానాకాలమంతా పట్టింది.

మధ్యాహ్నం తిండి విరామంలో ఎర్రెప్పను నీళ్ల ట్యాంకరు నీడన కూర్చోబెట్టి, గులకరాళ్లు పేర్చి పాఠం మొదలుపెట్టాను. పదకొండు పేజీలనూ కుదించి గంటసేపు చెప్పాను. అతను చొప్ప పుల్ల నములుతూ విన్నాడు.

“ఇంతేనా సామీ. ఒకటి ఒంటిది. రెండు, మూడు, నాలుగు ఒక ఇంటోళ్లు. అయిదు దాటితే సంత.”

నేను పుస్తకం మూశాను. ఇది వాళ్ల భాషలో వింత అని నేనంటే అతను ఒప్పుకోలేదు. మనం కూడా మనుషులను లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు, ముగ్గురు, నలుగురు అంటూ పోయి ఎనిమిది దగ్గర ‘మంది’ అంటాం, వాళ్లకు ఐదుకే మంది అయిందన్నాడు. ఆ మాట నాకు రష్యన్ నేర్పిన మేడమ్‌కు కూడా తట్టలేదు. ఇరవై ఒకటి దగ్గర ఒంటిది ఎందుకు తిరిగి వస్తుందో చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. నాకు తెలిస్తే కదా. అతనే అందుకున్నాడు.

“ఇరవై తూములైతే పుట్టి నిండింది గదా సామీ. దాన్ని పక్కన బెట్టి మళ్లా మొదులు.”

ఈ సిద్ధాంతం ముప్పై ఒకటి దగ్గర నిలవదు. అక్కడా ఏకవచనమే వస్తుంది, పుట్టి మాత్రం నిండదు. అయితే ఆ బావి ముప్పై కొవ్వొత్తుల దాకా పోదని నాకు తెలుసు కనుక నోరు మూసుకున్నాను. ఉపాధ్యాయుడికి అదొక నేర్పు.

నాలుగు రోజుల్లో ఇరవై తొమ్మిది దాకా వచ్చేసింది. ఉచ్చారణ కురుగోడుదే, రూపాలు మాత్రం తప్పడం లేదు. ఐదో రోజున అతనొక ప్రశ్న అడిగాడు, లాభం అనేదానికి రష్యాలో ఏమంటారని. ‘ప్రీబిల్’ అని చెప్పాను. ఎందుకని నేను అడగలేదు. మనిషి సంతలూ కళ్లాలూ తిరిగినవాడు, నాలుగు వ్యాపారం మాటలు నేర్చుకోవాలని ఉందేమో అనుకున్నాను. అతను దాన్ని రెండు మూడుసార్లు నోట్లో తిప్పుకుని తృప్తిగా తలాడించాడు.

శుక్రవారం పొద్దున టవరు దగ్గర అందరూ చేరారు. చక్రపాణి గారు చేతికర్రతో సహా వచ్చారు. నేను నా పద్ధతిలో గుడారంలో, పెన్సిలుతో. అంతకు ముందు రోజు దించినప్పుడు నా రిజిస్టరు ప్రకారం లోపల ఉన్నవి ఇరవై రెండు. ఇంజను స్టార్టు చేయబోతుంటే ఎర్రెప్ప చెయ్యెత్తి ఆపాడు.

“సొల్ప నిదానం సార్. కళ్లం ఊడ్చకుండా కొలత యాడన్నా పెడతారా? ఆ పాతవన్నీ దించి కింద పండబెట్టల్ల.”

అంటే చట్రంలో నిలబెట్టిన అదనపు కొవ్వొత్తులను తీసేయమని. నెలన్నరగా మాలో ఎవరికీ తట్టని పని అది. చక్రపాణి గారు నా వైపు చూశారు. నేను కాగితం వైపు చూశాను. కూలీలు పావుగంటలో చట్రం ఖాళీ చేశారు. ఎర్రెప్ప ఆ చోటు చీపురుతో ఊడ్చాడు కూడా. దాని అవసరమేమిటో నాకు తెలియదు, కానీ అప్పటికి ఎవరూ అతనికి అడ్డు చెప్పే స్థితిలో లేరు.

స్తెపాన్ ఇల్యిచ్ లివరు లాగాడు. మొదటి కొవ్వొత్తి బురద కారుతూ పైకి వచ్చింది. ఎర్రెప్ప ఛాతీ నిండా గాలి పీల్చి అరిచాడు.

“ప్రీబిల్!”

లివరు మీద చెయ్యి ఆగింది. స్తెపాన్ ఇల్యిచ్ టవరు కొన మీది చూపు దించి, జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు ఎర్రెప్పను చూశాడు. డ్రిల్లింగ్ టవరు కింద నిలబడి ‘నికర లాభం’ అని ప్రకటించిన మనిషిని ఆయన అంతకు ముందు చూసి ఉండడు. చక్రపాణి గారు గబగబా నా దగ్గరికి వచ్చి, మొదటిదే తప్పు కదా అన్నారు. అవును, ‘అద్నా స్విచా’ అనాలి అన్నాను. రాసుకోండి అన్నారు. రాసుకున్నాను. గీత మాత్రం గీయలేదు, అంకె రాలేదు కదా. టవరు దగ్గర స్తెపాన్ ఇల్యిచ్ కానివ్వమన్నట్టు తలాడించాడు.

“ద్వే స్విచీ!”

ఆ తరవాత ఇక ఆగలేదు. మూడు, నాలుగు, ‘స్విచీ’. ఐదు రాగానే ‘స్విచేయ్’. పదకొండు నుంచి పద్నాలుగు దాకా ఉన్న గుంట చాలామంది విద్యార్థులను మింగింది. అంకె చివర ఒకటీ రెండూ కనిపిస్తాయి గానీ కొవ్వొత్తి రూపం మాత్రం సంతదే. అతను ఆ గుంట మీదుగా నడిచిపోయాడు. అతని లెక్కలో పుట్టి ఇంకా నిండలేదు. పదిహేను దగ్గరికి వచ్చేసరికి గొట్టాలు విప్పే కూలీలు కూడా చివరి మాట అందుకున్నారు. ఎర్రెప్ప అంకె అంటే వాళ్లంతా ‘స్విచేయ్’ అనేవారు. గుట్ట ఒకసారి మళ్లీ అనేది. ఇరవై ముగిసింది. కూలీలు ఊపులో ఇరవై ఒకటికి కూడా ‘స్విచేయ్’ అనబోతే ఎర్రెప్ప చెయ్యి అడ్డం పెట్టి ఆపి, ఒక్కడే పలికాడు.

“ద్వాద్సత్ అద్నా స్విచా!”

స్తెపాన్ ఇల్యిచ్ లివరు వదలకుండానే టోపీ ఎత్తాడు. అదెలా సాధ్యమో నాకిప్పటికీ తెలియదు. ఇరవై రెండు వచ్చింది. ఇరవై మూడు వచ్చింది, ‘త్రీ స్విచీ’తో సహా. దాని వెనక రాతికడ్డీ ఉన్న గొట్టం వచ్చింది, వరస ముగిసింది.

చక్రపాణి గారు వెళ్లి ఊడ్చిన చోట నిలబెట్టిన కొవ్వొత్తులను చేతికర్రతో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టారు. ఇరవై మూడు. రెండోసారి అటు నుంచి ఇటు లెక్కపెట్టారు. అటు నుంచి కూడా ఇరవై మూడే. నా కాగితం తీసుకుని చూశారు. నాలుగు కట్టలు, రెండు విడి గీతలు. ఇరవై రెండు.

మొదటిది తప్పు పిలిచాడు గనుక గీయలేదని చెప్పుకున్నాను. మరి అంతకు ముందు రోజుల్లోనో అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు నా నోట్లోకి నెమ్మదిగా వచ్చింది. అంతకు ముందు రోజుల్లో అతను ‘లాభం’ అనేవాడు, ఆ తరవాత ‘రెండు’ అనేవాడు. ఆ మధ్యలో ఒకటి ఏమైందని నేనెన్నడూ ఆలోచించలేదు. ఉత్తరం మీద ‘శ్రీ’ రాసినట్టు ‘లాభం’ అంటున్నాడనుకుని, రోజూ మొదటి కొవ్వొత్తిని గీత లేకుండా సాగనంపాను. దించేటప్పుడూ అంతే, తీసేటప్పుడూ అంతే. రెండువైపులా ఒకటే తప్పు గనుక నా రిజిస్టరు ఎప్పుడూ తనతో తాను సరిపోయేది.

ఎర్రెప్పను అడిగితే అతను నన్ను జాలిగా చూశాడు.

“లాభమంటే ఒకటే గదా సామీ. మొదటి తూమును ఎవురన్నా ఒకటి అని కొలుచ్చారా? మీ ఊర్లో కళ్లాలు ల్యావా ఏంది?”

మా ఊర్లో కళ్లాలుండేవి. మా నాయన కోర్టు గుమాస్తా కావడం వల్ల నేను వాటికి దూరంగా పెరిగాను. ఇదంతా స్తెపాన్ ఇల్యిచ్‌కు రష్యన్‌లో చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే. ఉద్యోగం అంటే అది. ఆయన శ్రద్ధగా విని, ఇందులో వింతేముందన్నాడు. తాము కూడా వరసగా లెక్కపెట్టేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరట. ‘రాస్’ అంటారట, అంటే ‘ఒకసారి’ అని. రాస్, ద్వా, త్రీ. ఆ సంగతి నా పాఠ్యపుస్తకంలోనూ ఉంది, ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో. తరవాత చూసుకున్నాను. రష్యా వాడికీ కురుగోడు వాడికీ తెలిసిన ఈ మర్యాద వాళ్లిద్దరికీ మధ్య కూర్చున్నవాడికి మాత్రం తెలియలేదు. ఆయన ఇంకొకటి కూడా చెప్పాడు. మీ కాగితం చెప్పినదానికన్నా ఒక కొవ్వొత్తి బరువు ఎక్కువగా నా చేతికి తగులుతూనే ఉంది, చేతిని రిజిస్టర్లో ఎక్కించరు కదా అని ఊరుకున్నాను, అని.

చక్రపాణి గారు ఒకే ఒక మాట అన్నారు. “మీ బి.ఏ. లెక్కల్లోనే కదూ?”

నా అభిప్రాయం వెనక్కి తీసుకుంటూ మరో వాక్యం రాశాను. అది మొదటిదాని అంత బాగా కుదరలేదు గానీ నిజం. చక్రపాణి గారు మొదటి కాగితాన్ని అందరి ఎదుటా చింపి, ఎర్రెప్పను ట్యాలీ మేస్త్రీగా వేస్తూ ఆర్డరు రాశారు. దాన్ని కూలీలకు తెలుగులోనూ కన్నడంలోనూ చదివి వినిపించమన్నారు. రెండూ నేనే చదివాను. నాకు హెచ్చరిక మెమో ఇచ్చారు. అంతకు మించి చేయలేకపోయారు, దగ్గర్లో రష్యన్ తెలిసినవాడు మరొకడు లేడు. ఆ రోజు నుంచి స్తెపాన్ ఇల్యిచ్ ప్రతి వరసకూ మొదటి కొవ్వొత్తి రాగానే ఎర్రెప్పకన్నా ముందే ‘ప్రీబిల్’ అని అరిచేవాడు. తరవాత వచ్చిన డ్రిల్లర్లు అది ఇక్కడి పద్ధతనుకుని నేర్చుకున్నారు.

కబురు కురుగోడు చేరింది, అనుకున్న కబురు మాత్రం కాదు. కోతలు రాగానే అక్కడి పెద్ద రైతు ఒకాయన బండి కట్టించుకుని స్వయంగా వచ్చి, నాలుగు రోజులు మనిషిని పంపమని చక్రపాణి గారిని అడిగాడు. ఎవరిని అంటే, “అదే సార్, తేపనప్పకు లెక్క నేర్పిచ్చినోడు” అన్నాడు. ఎవరు ఎవరికి నేర్పారన్నది సరిదిద్దడం నా పని కాదు. ఎర్రెప్ప బండిలో ముందు కూర్చుని వెళ్లాడు, రైతు వెనక కూర్చున్నాడు.

నేనా విభాగంలో మరో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. ఏ క్యాంపులో లెక్క రాయడానికి కూర్చున్నా పిలిచేవాణ్ని ముందుగా మొదటిదాన్ని ఏమంటావని అడిగేవాణ్ని. కొత్తగా చేరినవాళ్లు ఆ ప్రశ్నకు నవ్వేవారు. అడగడానికి అర నిమిషం పడుతుంది. అడగకపోతే ఎంత పడుతుందో నాకు కచ్చితంగా తెలుసు. పెట్టెల మీద తొమ్మిదేసి మీటర్లు తక్కువగా రాసిన లోతు చీటీలన్నీ చింపి తిరగరాయడానికి పదకొండు రోజులు, అదీ ఎర్రెప్ప పక్కన నిలబడి ఒక్కొక్కటే చెబుతుంటే.